అంగట్లో బుద్ధుడు

పుణ్యం బజారులో దొరుకుతుందా? శ్రీలంక యాత్రలో మా చంద్రశేఖరపురం బృందం అనురాధపురం అంగళ్లలో బుద్ధ విగ్రహాలు బేరమాడుతుంటే ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

"మన దొనకొండ పక్కన చందవరంలో స్తూపమే ఉంది గదా, ఇంతదూరం వచ్చి బొమ్మలు కొనాల్నా వదినా?" అన్నాను.

"కళ్లెదురుగా ఉంటే కోపమొచ్చినప్పుడు గుర్తొస్తాడమ్మా" అంది.

ఆ మాట కాదనలేను. కానీ అమరావతి తొలి శిల్పులు బుద్ధుడి రూపమే చెక్కలేదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం చాలనుకున్నారు.

అనురాధపురంలోనే రువన్వెలిసాయ స్తూపం దగ్గర తెల్లబట్టలు కట్టుకున్న ఒక అవ్వ తామరమొగ్గ రేకుల్ని ఒక్కొక్కటే వెనక్కి మడిచి, పువ్వును విప్పార్చి రాతిబల్ల మీద పెట్టింది. సాయంత్రానికి వాడిపోయేదానికి అంత ఓపిక! ఈ పువ్వులాగే దేహమూ వాడుతుందని అక్కడి పూజలో తలుచుకుంటారు. ఆ తలపు కోసమే నేను పువ్వులు కొన్నాను. విగ్రహం కొన్న వదినదీ తప్పనను.