కన్ను ఒకరిది, సంతకం ఒకరిది

జబ్బు సంగతి రోగికి చెప్పాలా, అయినవాళ్లకు చెబితే చాలా? మన ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ సిద్ధమే: "పెద్దాయనకు చెప్పకండి, బెంగపెట్టుకుంటారు." ఈ మాటలో ప్రేమ ఉంది, కాదనను. ఆ ప్రేమకు ఖరీదు చెల్లించేది ఎవరన్నదే నా సందేహం.

ధర్మపురిలో మా మేనమామకు గ్లకోమా, మనవాళ్లు నీటికాసులు అంటారు. చుక్కల మందుకు కంటి ఒత్తిడి లొంగలేదు. కంట్లో సన్నని సిలికాన్ గొట్టం అమర్చి, లోపలి నీటిని తెల్లగుడ్డు మీది పొర కింద కుట్టిన పలకవైపు మళ్లించే ఆపరేషన్ చేశారు. మదురైలోని ఆరోల్యాబ్ 2013 నుంచి ఇలాంటి సాధనాన్ని మన దేశంలోనే తయారుచేస్తున్నందువల్ల మధ్యతరగతివారికీ ఇది అందుబాటులోకి వచ్చింది.

ఈ ఆపరేషన్ పోయిన చూపును తిరిగి తేదు, మిగిలినదాన్ని నిలపడానికే. కవాటం లేని రకంలో గొట్టానికి కరిగిపోయే దారంతో ముడి వేస్తారు. ఐదారు వారాలకు ముడి వదిలినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి చూపు మసకబారవచ్చు. కొందరికి ఒకటి రెండుగా కనబడవచ్చు. ఏళ్ల తర్వాతైనా పైపొర అరిగి గొట్టం బయటపడితే, సూక్ష్మక్రిములు లోపలికి దిగి చూపునే హరించవచ్చు.

ఇవన్నీ కొడుకు విన్నాడు, సంతకమూ చేశాడు. మామకు చెప్పింది మాత్రం "చిన్న ఆపరేషన్, అంతా సరిపోతుంది" అని. ఆరో వారంలో చూపు మసకబారితే, మానేటప్పుడు ఇంతే కాబోలని ఆయన నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. తర్వాత వైద్యం అందింది, కొంత చూపు దక్కింది. ముందే వెళ్లివుంటే మిగతాదీ దక్కేదా? ఎవరూ చెప్పలేరు.

కంట్లో మసక, నొప్పి మొదట తెలిసేది రోగికే. కొడుక్కి చేసిన హెచ్చరిక తండ్రి కంటికి కాపలా కాయదు. కనక చెప్పడమంటే రోగి హక్కును మన్నించడం మాత్రమే కాదు, వైద్యంలో అదీ ఒక భాగమే.

సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, తెలివిలో ఉండి నిర్ణయించుకోగల పెద్దవారి తరఫున మరొకరి అంగీకారం చెల్లదని చెప్పింది. ఎక్కడో అరుదుగా జరిగేవన్నీ చెప్పి భయపెట్టనక్కరలేదనీ అంది. న్యాయమే. కానీ ఏ లక్షణం కనబడితే ఆస్పత్రికి పరుగెత్తాలో చెప్పడం భయపెట్టడం కాదుగదా!

బ్యాంకులో చదువురానివారి వేలిముద్ర తీసుకునేముందు పత్రాన్ని వారి భాషలో చదివి వినిపించి, అర్థమైందని రాయించుకుంటాం. అప్పుకే ఇంత జాగ్రత్త ఉంటే కంటికి ఎంత ఉండాలి? ఇక్కడి మన పెద్దల తమిళం బజారు పనికి చాలుతుంది. కంట్లో గొట్టం సంగతి బోధపడాలంటే ఇంటి భాషే కావాలి. డాక్టరుకు తెలుగు రాకపోతే దుబాసీ పని మనదే. ఆ దుబాసీ చేదు మాటలను మధ్యలోనే మింగేస్తే, రోగి ఒప్పుకున్నది దేనికి?

ప్రేమ ఉన్నవాడు చెప్పాల్సింది ఇంతే: "నాన్నా, కన్ను నొప్పెట్టినా, ఎర్రబడినా, మసకేసినా, ఒకటి రెండుగా కనబడినా, అర్ధరాత్రయినా సరే నన్ను లేపు."