నలుపుని నలుపుగానే

గ్రీకు నుంచి వచ్చిన ఫోటోగ్రఫీ అన్న మాటకి వెలుగుతో రాయడం అని అర్థం. మనం మాత్రం దాన్ని ఛాయాచిత్రం అన్నాం. ఛాయ అంటే నీడ. మనిషి ఒంటిరంగుకీ అదే మాట. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఎందుకు ఇరుక్కున్నాయని మామూలుగా ఎవరం ఆలోచించం. కానీ ఒక ఇనప బాణలిని బల్ల మీద పెట్టి, దాని బొమ్మ వేయడానికో ఫొటో తీయడానికో ఓ గంట కూర్చుంటే, అవి ఒకదానికొకటి ఎంత దగ్గరో అర్థమవుతుంది.

బాణలి కంటే ముందు కోడిగుడ్డు. వెలుగునీడలు నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి పాఠం లేదు. గుడ్డు తెల్లగా ఉంటుందని మనకి తెలుసు. ఆ తెలియడమే అడ్డం. కిటికీ పక్కన పెట్టి కాసేపు చూడండి. అందులో నిజంగా తెల్లగా ఉన్నది చిన్న మచ్చంత. అక్కణ్ణుంచి బూడిద రంగు మెల్లగా ముదురుతూ పోతుంది. అన్నిటికన్నా చిక్కటి నీడ అంచు మీద ఉండదు, అంచుకి కాస్త ముందు ఒక పట్టీలా ఉంటుంది. అంచు దగ్గర మళ్ళీ కొంచెం పలచబడుతుంది, బల్ల మీద పడ్డ వెలుగు తిరిగొచ్చి కింది నుంచి తగులుతుంది కాబట్టి. కొత్తగా వేసేవాళ్ళు ఆ తిరుగు వెలుగుని చూసి మురిసిపోయి, దాన్ని వెలుగు వైపున్నంత తెల్లగా వేసేస్తారు. గుడ్డు చదునైపోతుంది. దాని గుండ్రదనాన్ని మోస్తున్నది గీత కాదు, నీడ.

కెమెరాకి ముందే ఏమీ తెలియదు కనక దానికి ఈ గొడవ లేదనుకుంటాం. ఉంది. కెమెరాలోని సాదా మీటర్, ఎదురుగా ఉన్నదంతా సగటున ఒక మధ్యస్థ బూడిద రంగనుకుని లెక్క కడుతుంది. పడిన వెలుగులో దాదాపు 18 శాతం తిప్పి పంపే బూడిద అది. అందుకే ఫ్రేమ్ నిండా తెల్లగోడ ఉంటే మాసినట్టు వస్తుంది, ఫ్రేమ్ నిండా నల్ల బాణలి ఉంటే వెలిసిపోయినట్టు వస్తుంది. నలుపు నలుపుగా రావాలంటే ఎక్స్‌పోజర్ మనమే తగ్గించాలి. నీ సగటు దీనికి వర్తించదని యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలన్నమాట.

ఆ సగటు ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు. గత శతాబ్దం మధ్యలో కొడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకి ‘షర్లీ కార్డులు’ పంపేది. రంగులు సరిచూసుకోడానికి కొలబద్దగా వాటి మీద ఒక తెల్లజాతి యువతి ఫొటో ఉండేది. ఆమె ఒంటిరంగు బాగా వస్తే ప్రింటు బాగున్నట్టే. అదే ఫిల్ములో నల్లవాళ్ళ ముఖాల్లోని వివరాలు చీకట్లో కలిసిపోయేవి. ముదురు రంగుల్ని మెరుగుపరచమని కంపెనీని గట్టిగా ఒత్తిడి చేసినవాళ్ళలో చాక్లెట్లు అమ్మేవాళ్ళూ, చెక్క సామాన్లు అమ్మేవాళ్ళూ ఉన్నారని లోర్నా రాత్ అనే పరిశోధకురాలు నమోదు చేసింది. చాక్లెట్ల మధ్య తేడా, చెక్కల మధ్య తేడా ఫొటోలో తెలియడం లేదని వాళ్ళ ఫిర్యాదు. అంటే ముఖాలు అడిగితే కదలనిది స్టిల్ లైఫ్ అడిగితే కదిలింది.

దూరంగా జరిగిన అన్యాయం కాబట్టి దీన్ని తిట్టుకోవడం తేలిక. మన పెళ్ళి ఆల్బమ్ తెరిచి చూస్తే ఛామనఛాయ పెళ్ళికూతురు గోధుమరంగులోకి వచ్చేసి ఉంటుంది. ఎవరూ అడగక్కర్లేదు, అదే ‘బాగా రావడం’. మన లోపల కూడా ఒక మీటర్ ఉంది, దానికీ ఒక షర్లీ ఉంది.

అయితే నలుపుని నలుపుగా ఉంచడమంటే చీకట్లో వదిలేయడం కాదు. ఎక్స్‌పోజర్ తగ్గించి ఊరుకుంటే బాణలి ఒక మసిముద్ద అవుతుంది, అదీ అన్యాయమే. మెరిసే నల్లటి వస్తువు రూపం దాని రంగులో కంటే, అది తిప్పి పంపే వెలుగులో ఉంటుంది. కిటికీకి ఒక తెల్ల దుప్పటి కట్టండి. వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే నీడల అంచులు అంత మెత్తబడతాయి. బాణలిని పక్కగా జరిపితే దాని ఒంపు మీద కిటికీ ఒక పొడుగాటి మెరుపుగా దిగుతుంది. అవతలివైపు తెల్ల అట్టముక్క నిలబెడితే గీతలూ, సొట్టలూ, నూనె మరకలూ అన్నీ కనిపిస్తాయి. ఇంత కనిపించినా బాణలి నల్లగానే ఉంటుంది.

ఇదంతా కూడా ఒక మాయే కదా అనొచ్చు. నిజమే. 1930లో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక క్యాప్సికమ్‌ని రేకు గరాటులో పెట్టి, దాని లోపలి గోడల నుంచి తిరిగొచ్చే వెలుగులో ఫొటో తీశాడు. అది ముడుచుకున్న మనిషి ఒళ్ళులా కనిపిస్తుంది. వంటింట్లో ఎవరికీ అలా కనిపించి ఉండదు. ఏ వెలుగూ తటస్థం కాదు, పెట్టేవాడు ఎప్పుడూ ఏదో ఒకటి ఎంచుకుంటాడు. కానీ వెస్టన్ మార్చింది క్యాప్సికమ్‌ చుట్టూ ఉన్నదాన్ని. దాని ఒంపులూ, కుళ్ళబోతున్న చోటూ దానివే. వెలుగుని ఎంచుకోవడానికీ వస్తువుని దిద్దడానికీ మధ్య ఉన్న గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు, కానీ అది ఉంది.

గుడ్డునీ బాణలినీ ఒకే ఫ్రేమ్‌లో పెట్టి చూడండి. గుడ్డుకి సరిపెడితే బాణలి మాయమవుతుంది, బాణలికి సరిపెడితే గుడ్డు కాలిపోయినట్టు తెల్లబడుతుంది. ఫోన్ అయితే నాలుగైదు షాట్లు కలిపి, నీడలు పైకెత్తి, రెండిటినీ మధ్యలోకి లాక్కొస్తుంది. మనకి ఓపికుంటే అట్టముక్కని బాణలి దగ్గరికి జరుపుతాం, గుడ్డుని కిటికీకి కొంచెం దూరం చేస్తాం, మళ్ళీ చూస్తాం. రకరకాల ఛాయల స్నేహితులు ఒక్కచోట నిలబడి గ్రూప్ ఫొటో తీయమన్నప్పుడు చేయాల్సిన పనీ ఇదే. ఎవర్ని తెల్లగా చేయాలా అని కాదు, కిటికీ ఎటువైపుందా అని చూసుకోవాలి.