ఈ నెల పుస్తకం

పిల్లలు ఏం చదవాలో పెద్దవాళ్ళు చెప్పొచ్చా? చెప్పొచ్చు అంటే ఎంతవరకు? ఈ ప్రశ్న నా దగ్గరకి ప్రతి నెలా గడువుతో సహా వస్తుంది. అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరి హైస్కూల్లో గ్రంథాలయం పని చూసే ముగ్గురిలో నేనొకదాన్ని. నెలలో మొదటి సోమవారానికల్లా తలుపు పక్కనున్న బల్ల మీదకి ఒక పుస్తకం, ఒక రచయిత, ఒక సినిమా చేరాలి. పుస్తకమైతే మూడు కాపీలు, రచయిత గురించి ఒక చార్టు. సినిమా నెలాఖరు శనివారం మధ్యాహ్నం, కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడ మీద.

చూడ్డానికి చిన్న పనే. కానీ లెక్క వేస్తే అంత చిన్నగా కనబడదు. బడి నడిచేది ఏడాదికి పది నెలలు. ఆరో తరగతిలో చేరి పదో తరగతి ముగించి వెళ్ళే పిల్లకి ఈ ఐదేళ్ళలో మేము ముందుకి తెచ్చి చూపించేవి యాభై పుస్తకాలు. మా బీరువాల్లో రెండు వేల పైచిలుకు ఉన్నాయి. అంటే యాభైటిని వెలుగులోకి తెచ్చామంటే తక్కినవాటిని వెనక్కి జరిపినట్టే. చాలామంది ఇళ్ళలో పాఠ్యపుస్తకాలు తప్ప వేరే పుస్తకం లేని ఊరు ఇది. ఇక్కడ ఆ యాభై అంటే కొందరికి బాల్యమంతా చదివినవి.

ఈ అధికారం కొత్తది కాదు. ప్లేటో తన ‘రిపబ్లిక్’లో ఆదర్శ రాజ్యం గురించి ఆలోచిస్తూ, ముందు కథలు చెప్పేవాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచాలన్నాడు. తల్లులూ దాదులూ ఆమోదం పొందిన కథలే చెప్పాలన్నాడు. హోమర్ కావ్యాల్లో కొన్ని భాగాలు కొట్టేయాలన్నాడు. 1762లో వచ్చిన ‘ఎమిల్’లో రూసో ఇంకో దారి పట్టాడు. పిల్లవాడిని పుస్తకాల నుంచే దూరంగా ఉంచి, చివరికి ఒకే ఒక్కటి చేతికిచ్చాడు: ‘రాబిన్సన్ క్రూసో’. చాలాకాలం పాటు వాడి గ్రంథాలయం అదేనట. ఇద్దరూ పిల్లల మేలు కోరినవాళ్ళే. ఇద్దరికీ పిల్లల మీద కన్నా పుస్తకాల మీదే నమ్మకం ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. పుస్తకం ఏం రాస్తే పిల్లవాడు అదే అయిపోతాడన్న నమ్మకం అది. ఆ నమ్మకం నిజమైతే నీతికథలు చదివిన మన తరం అంతా ఈపాటికి హరిశ్చంద్రులై ఉండాలి.

మరి ఎంపిక మానేసి, బీరువాలు తెరిచి, మీ ఇష్టం అని వదిలేస్తే? ఈ మాట అనేవాళ్ళంటే నాకు గౌరవమే. రంగనాథన్ 1931లో రాసిన గ్రంథాలయ సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉండాలని ఒకటి. అందరికీ ఒకే పుస్తకం ఉండాలని ఆయన అనలేదు. ఆ లెక్కన ‘ఈ నెల పుస్తకం’ అనేదే ఆ సూత్రానికి ఎదురు నడక. అయితే ఆయన దాని పక్కనే ఇంకోటి పెట్టాడు. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలని. పుస్తకానికి కాళ్ళు లేవు. ఎవరో ఒకరు దాన్ని బయటికి తీసి నలుగురికీ కనబడేట్టు పెట్టకపోతే అది తన పాఠకుడి దగ్గరకి నడిచి వెళ్ళలేదు.

పైగా మనం ఎంచడం మానేస్తే ఎంపిక ఆగదు, చెయ్యి మారుతుంది అంతే. క్వశ్చన్ బ్యాంకులు ఎంచుతాయి. ఎవరో తమ ఇంట్లో అక్కర్లేక దానం ఇచ్చిన అట్టపెట్టె ఎంచుతుంది. ఇంట్లో నాన్న ఫోన్‌లో ఒక వీడియో అయిపోగానే ఇంకోటి వచ్చి కూర్చుంటుంది చూడండి, అదీ ఎంపికే. దానికి మాత్రం పిల్లవాడి పేరు తెలీదు, వాడు నిన్న ఎందుకు బడికి రాలేదో తెలీదు. పుస్తకం పోతే జీతంలోంచి కట్టాలన్న భయంతో బీరువాకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకునే బళ్ళు నేను చూశాను. అక్కడ రెండు వేల పుస్తకాలనీ ఒకేసారి వద్దన్నట్టు.

మన గ్రంథాలయోద్యమం పెద్దలకి కూడా ఈ ఇరుకు తెలుసు. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి దగ్గర కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. దాని గురించి చదివినప్పుడల్లా నాకొక చిల్లర సందేహం వస్తుంది: పడవలో ఎన్ని పట్టి ఉంటాయి? మిగతావి ఒడ్డునే ఉండిపోయాయిగా. ఎవరో ఒకరు ఒడ్డున నిలబడి ఇది ఎక్కించు, అది ఉండనీ అని చెప్పే ఉంటారు. వాళ్ళు ఆ పని చెయ్యకపోతే పడవ కదిలేది కాదు.

కాబట్టి ఎంచుకోవడం తప్పదు. ఎలా ఎంచుకోవాలన్నదే అసలు చిక్కు. అందులో మూడు ముళ్ళు నాకు పదే పదే తగులుతుంటాయి.

మొదటిది ఏడుపు. ఒక నెల సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ వేశాం. వానలో తడిసిన దుర్గ జ్వరంతో చనిపోతుంది. మర్నాడు ఒక తల్లి బడికొచ్చింది. రాత్రి కూతురు అన్నం తినలేదట. “మా ఇండ్లల్లో ఏడుపులు చాలవా మేడం, మీరు శనివారం పూట కూడా ఏడిపించల్లా?” అంది. ఈ మాటని అజ్ఞానం అని తోసెయ్యలేం. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది: బిడ్డ గుండెని కదిలించే అధికారం నీకెవరిచ్చారు? నేను ఆలోచించుకున్న సమాధానం ఇది. దుఃఖం కలగడం వేరు, హాని జరగడం వేరు. దుఃఖానికి పక్కన మనిషి ఉంటే అది హాని కాదు. అందుకని సినిమా ముందు కథలో చావు ఉందని చెప్తాం. లేచి వెళ్ళిపోవాలనుకున్నవాళ్ళు వెళ్ళొచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. అయిపోయాక అరగంట తలుపు తీసే ఉంటుంది, మాట్లాడాలనుకుంటే మేమక్కడే ఉంటాం. ఈ మూడూ చెయ్యలేని రోజున ఆ సినిమా వెయ్యడానికి మాకు హక్కు లేదు.

రెండోది భాష. ఆగస్టు వచ్చిందంటే రచయిత ఎవరన్న తగువుండదు. 29వ తేదీ గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. వ్యావహారిక భాష కోసం పోరాడినవాడనీ, సవరల భాషకి వాచకాలూ నిఘంటువూ చేసినవాడనీ చార్టు రాస్తాం. ఆ చార్టు కిందే నామిని ‘మిట్టూరోడి కతలు’ పెడదామంటే స్టాఫ్ రూములో ఒకరు ఒప్పుకోలేదు. “పిల్లల భాష పాడవుతుంది” అన్నారు. గిడుగు బొమ్మకి దండ వేసిన చేత్తోనే! చిత్తూరు జిల్లా పల్లె మాట పుస్తకంలోకి ఎక్కితే మా పిల్లల భాష ఎలా పాడవుతుందో నాకు అర్థం కాలేదు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది దానికి దగ్గరి చుట్టమే. ఎంపికలో మర్యాదస్థుల అభిరుచి ఎంత సులువుగా నీతి వేషం వేసుకుంటుందో ఇలాంటప్పుడు తెలుస్తుంది. ‘పిల్లలకి మంచిది కాదు’ అన్న మాట వినబడ్డప్పుడు ఎవరికి ఇబ్బందో విడమరిచి అడగాలి. చాలాసార్లు ఆ ఇబ్బంది పిల్లలది కాదు.

మూడోది అన్నిటికన్నా కష్టమైంది. పిల్లలు పుస్తకాల్లో తమని తాము చూసుకోవాలి అంటాం. నేనూ అంటాను. ఎప్పుడూ ఇంకొకరి ఇల్లే, ఇంకొకరి వంటే, ఇంకొకరి పండగే పుస్తకంలో కనబడితే, పుస్తకం అనేది తనలాంటివాళ్ళకి కాదని పిల్లవాడు తేల్చేసుకుంటాడు. అందుకే ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ లాంటివి బల్ల మీదకి రావాలి. మాజిద్ మాజిదీ 1997లో తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ వేసినప్పుడు కూడా మా ఆలోచన అదే. చెల్లెలి బూట్లు పోగొట్టిన అలీ, ఒకే జతని ఇద్దరూ మార్చుకుంటూ బడికి పరిగెత్తడం, మూడో బహుమతిగా బూట్లొస్తాయని పందెంలో దిగి మొదట రావడం. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. అంతా అయ్యాక ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు కుర్చీలు సర్దుతూ అన్నాడు: “మాదే సినిమా తీసి మాకే చూపిస్తే ఏముంది మేడం? అందరూ నా చెప్పుల దిక్కే చూసిరి.”

ఈ మాటకి నా దగ్గర సిద్ధంగా ఏ జవాబూ లేదు. అద్దం పట్టుకోవడం మంచి పనే. కానీ నలుగురి మధ్యలో పట్టుకున్న అద్దంలో పిల్లవాడు తనని తాను చూసుకోడు, నలుగురూ కలిసి వాణ్ణి చూస్తారు. తరగతిలో ఒకరో ఇద్దరో ముస్లిం పిల్లలుంటే, ఆ కథల పుస్తకం బల్ల మీదకి రాగానే తలలు వాళ్ళ వైపు తిరుగుతాయి. “మీ ఇంట్లో కూడా ఇంతేనా?” అన్న ప్రశ్న ఆప్యాయంగానే వస్తుంది. ఆప్యాయంగా వచ్చినా అది బరువే. ఆ పిల్ల తన వయసుకి మించి ఒక సమాజం మొత్తానికి జవాబుదారీ కావాలి.

అలాగని మానేస్తే మళ్ళీ మొదటి అన్యాయం దగ్గరికే వస్తాం. దీనికి నాకు తోచిన దారి సంఖ్యలో ఉంది. ఏడాదికొక్కటి ‘ప్రత్యేకంగా’ పెడితేనే తలలు తిరుగుతాయి. అన్ని రకాల ఇళ్ళూ, అన్ని రకాల కంచాలూ మామూలుగా, తరచుగా బల్ల మీదకి వస్తూ పోతూ ఉంటే ఏ ఒక్కటీ వింత కాదు. పేద ఇంటి కథలో ఆకలి మాత్రమే ఉండకుండా, ఆటా అల్లరీ కూడా ఉన్న కథలు వెతకాలి. ఖదీర్‌బాబు కతల్లో నాకు నచ్చేది అదే, వాటిలో పుష్కలంగా నవ్వు ఉంది. ఇంకోటి: ఏ పిల్లనీ లేపి ‘నువ్వు చెప్పు’ అనకూడదు.

అసలు ఎవర్నీ ఏదీ అడక్కపోవడమే మంచిది. ఫ్రెంచి రచయిత డేనియల్ పెనాక్ పాఠకుడి హక్కులు పది రాసి, వాటిలో మొట్టమొదట చదవకుండా ఉండే హక్కుని పెట్టాడు. మన బళ్ళలో దీన్ని ఒప్పించడం కష్టం. ‘ఈ నెల పుస్తకం’ అనగానే సమీక్ష రాసుకురా, పది వాక్యాలు, ఐదు మార్కులు అనేస్తారు. గిజుభాయి ‘పగటి కల’లో మాస్టారు పాఠ్యపుస్తకాలకి పెట్టే డబ్బుని తరగతి గ్రంథాలయానికి మళ్ళిస్తాడు. మనం గ్రంథాలయాన్నే పాఠ్యపుస్తకంగా మార్చేస్తున్నాం. మార్కు పడ్డ క్షణం నుంచి అది సూచన కాదు, ఆజ్ఞ. వడ్డించేవాళ్ళు ఇంకొంచెం అని కొసరితే మర్యాద. తినేవాళ్ళు ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే ఆగడం అంతకన్నా మర్యాద.

పోనీ పిల్లల్నే ఎంచుకోమందామని ఏడాదిలో రెండు నెలలు వాళ్ళకే వదిలేశాం. మొదటిసారి దెయ్యాల కథల పుస్తకం గెలిచింది. దాని గురించి నాకు బాధ లేదు, భయపడటం కూడా చదువులో భాగమే. చేతులెత్తే పద్ధతిలో మాత్రం తొమ్మిది, పది తరగతుల మగపిల్లల గొంతులే నిలిచాయి. ఆరో తరగతి ఆడపిల్లలు అడిగిన పుస్తకం పేరు కూడా ఎవరికీ వినబడలేదు. స్వేచ్ఛ ఇస్తే చాలదు, అది ఎవరి చేతిలో పడిందో కూడా చూడాలి. ఇప్పుడు చీటీలు వేయించి, తరగతికొక నెల చొప్పున తిప్పుతున్నాం.

ఈ జులైకి ముగ్గురం కూర్చున్నప్పుడు ఒక కథల సంపుటి ముందుకొచ్చింది. బోరు ఎండి, వేరుశనగ పోయి, అప్పులతో ప్రాణం తీసుకున్న రైతు కథ అందులో ఉంది. మంచి కథ. మా జిల్లా పిల్లలు చదవాల్సిన కథ. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడి తండ్రి రెండేళ్ళ కింద అలాగే పోయాడు.

మాలో ఒకరు అన్నారు, వాడి కోసం మిగతా నూట యాభైమందికీ ఆ కథ దూరం చేస్తామా అని. ఇంకొకరు, నూట యాభైమంది కోసం వాణ్ణి మళ్ళీ ఆ రోజులోకి తోస్తామా అన్నారు. రెండూ నిజాలే. ఆ సాయంత్రం నాకు తేటపడింది ఏమిటంటే, బల్ల వేరు, బీరువా వేరు. పుస్తకం బీరువాలో ఉండటం, చెయ్యి చాపితే అందటం పిల్లల హక్కు. అక్కడి నుంచి తీసేసే అధికారం మాకు లేదు, ఎవరి మేలు పేరు చెప్పినా సరే. బల్ల మీద పెట్టడం మాత్రం మా మాట. మన మాటని ఎప్పుడు, ఎవరి ముందు అనాలో చూసుకుని అంటాం కదా. బల్ల మీద పెట్టకపోవడం నిషేధం కాదు. కాకపోతే ఏటేటా ఇదే సాకుతో దాటేస్తూ పోతే అది నెమ్మదిగా నిషేధమే అవుతుంది. అందుకని వాడు పదో తరగతి దాటాక అని కాకుండా, ఏ నెలలో మళ్ళీ చర్చించాలో రాసిపెట్టుకున్నాం.

జులై బల్ల మీద వేరే పుస్తకం ఉంది. ఆ సంపుటిని పిల్లల ఎత్తుకి అందే రెండో అరలో, తక్కిన కథల పుస్తకాల మధ్య మామూలుగా పెట్టాం. మొన్న దాని వెనక అట్ట తిప్పి చూశాను. తేదీల కాగితం మీద రెండు ముద్రలు పడి ఉన్నాయి. ఎవరు తీసుకున్నారో రిజిస్టర్ తెరిస్తే తెలుస్తుంది. తెరవలేదు.