రాయి పీల్చే గాలి

ఆమ్లవర్షం అనగానే ఆకాశం నుంచి యాసిడ్ కురిసి గోడలు కరిగిపోతున్న బొమ్మ ఒకటి మనసులో మెదులుతుంది. స్కూలు పుస్తకాల చలవ. నిజంగా జరిగేది అంత నాటకీయంగా ఉండదు. బొగ్గూ కోకూ కాలిస్తే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ తేమ తగిలిన చోట ఆమ్లమవుతుంది. ఉత్తరాది దుమ్ముకి క్షారగుణం ఉంది కాబట్టి అక్కడి వానలో ఆమ్లాన్ని చాలావరకు అదే విరిచేస్తుంది. కానీ వాన దాకా ఆగనక్కర్లేదు, మంచుకి తడిసిన రాతి మీద ఆ వాయువు నేరుగా వాలినా చాలు. తాజ్‌మహల్ కోసం మక్రానా నుంచి తెచ్చిన పాలరాయి పైపైన జిప్సంగా మారడం మొదలవుతుంది. జిప్సం మెత్తన. మసిని పట్టుకుంటుంది, పొరలుగా ఊడుతుంది. అంటే పాలరాయి కాస్తా సుద్దముక్క అవుతుందన్నమాట.

1984లో ఎం.సి. మెహతా సుప్రీంకోర్టుకి వెళ్ళింది ఈ రాయి కోసమే. 1996 డిసెంబర్ 30న తీర్పు వచ్చింది. 292 పరిశ్రమలు సహజవాయువుకి మారాలి, లేదంటే తాజ్ పరిసరాలు వదిలి వెళ్ళాలి.

తీర్పుతో నాకు పేచీ లేదు. నన్ను తొలిచేది అందులోని వరస. ఫౌండ్రీ పొగ ముందు వెళ్ళేది కొలిమి దగ్గర నిలబడ్డవాడి ఊపిరితిత్తుల్లోకి. గాలిలో పలచబడ్డాక మిగిలిందే రాయి దాకా చేరేది. అయినా దావా రాయి పేరు మీద నడిచింది. మనుషుల ప్రాణాల మాట తీర్పులో లేదని కాదు. కానీ కార్మికుడికంటూ విడిగా దక్కినవి చూడండి: ఉద్యోగ కొనసాగింపు, తరలి వెళ్తే ఏడాది జీతం బోనస్. పని పోయే మనిషిగానే అతను లెక్కలోకొచ్చాడు, ఆ పొగ పీల్చిన మనిషిగా కాదు.

తాజ్ ఒక్కటే, పోతే మళ్ళీ రాదు అంటారు. ఆ మాటకొస్తే కొలిమి దగ్గరివాడూ వాళ్ళింట్లో ఒక్కడే. దీనికంటే గట్టి వాదన ఇంకోటుంది, దాన్ని నేను తోసెయ్యలేను: మనుషుల పేరు చెప్తే కదలని యంత్రాంగాన్ని రాయి పేరు చెప్పి కదిలించారు, గాలి బాగుపడితే అందరికీ బాగుపడినట్టేగా? నిజమే, ఆగ్రాలో ఉన్నవాళ్ళ మటుకు.

పాల్వంచలో తాజ్‌మహల్ లేదు, థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గుతో నడిచే ఇలాంటి కేంద్రాలన్నీ సల్ఫర్ డయాక్సైడ్‌ని తగ్గించుకోవాలని 2015లో నిబంధన పెట్టారు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి, 2025 జులైలో దేశంలో ఎక్కువ భాగం కేంద్రాలకు అసలు మినహాయింపే ఇచ్చేశారు. తప్పనిసరిగా మిగిలినవి ప్రధానంగా ఢిల్లీ ప్రాంతానికో, పది లక్షలు దాటిన నగరానికో పది కిలోమీటర్ల లోపు ఉన్నవి. మినహాయింపు దొరికిన కేంద్రాలకు పెట్టిన షరతు ఏమిటంటే, చిమ్నీ తగినంత ఎత్తు ఉండాలి.