బిడ్డ సంగతి దాచనక్కరలేని సంఘము

వాక్యభాగము: యోహాను సువార్త 9వ అధ్యాయము



పుట్టు గ్రుడ్డివానిని చూడగానే శిష్యులు ఒక ప్రశ్న వేసిరి. ఇతని గతికి కారణమైన పాపము ఇతనిదా, కన్నవారిదా అని ప్రభువును అడిగిరి. ఆయన ఆ రెండు నిందలను త్రోసివేసెను. ఆ ప్రశ్న అంతటితో ముగియవలసినది. అయినను మన పల్లెలలో నేటికిని అది వినబడుచున్నది.

మూడేండ్లు నిండినను మాటలాడని బిడ్డ, పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడని బిడ్డ, డబ్బా మూతను గంటసేపు త్రిప్పుచు కూర్చుండు బిడ్డ, మైకు మ్రోగగానే చెవులు మూసికొని కేకలు వేయు బిడ్డ – ఇట్టివారు మన ఊళ్లలోను ఉన్నారు. వైద్యులు పరీక్షించి కొందరి విషయములో దీనిని ఆటిజం అందురు. ఇరుగుపొరుగువారు దయ్యమందురు, శాపమందురు, తల్లి పెంపకమే చెడ్డదందురు.

తల్లిపై వేసిన ఈ నింద పల్లెవారు మాత్రమే కల్పించినది కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసి ఈ స్థితికి పేరు పెట్టెను. అటుపిమ్మట చాల ఏండ్లు, గొప్ప చదువులు చదివినవారు సైతము తల్లి ప్రేమ చాలనందుననే ఇట్లగునని బోధించిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను పండితుడు అది తప్పని, కారణము దేహములోనే ఉన్నదని పుస్తకము వ్రాసెను. అతడును అట్టి కుమారునికి తండ్రియే. ఆటిజం మెదడు ఎదుగుదలలోని భేదమని నేడు తెలిసినది. ఇది దురాత్మ పని కాదు. టీకాల వలన కలుగునది కాదు. మందుతో పోదు గాని, త్వరగా గుర్తించి ఓర్పుతో నేర్పినయెడల బిడ్డకు మేలగును. 2021లో లోకమందు సుమారు 127 మందిలో ఒకరు ఇట్టివారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇప్పుడు ఆ గ్రుడ్డివాని తల్లిదండ్రులను చూడుడి. ఇతడు మా కుమారుడే, పుట్టుకతోనే గ్రుడ్డివాడు అని ఒప్పుకొనిరి. అంతకు మించి నోరు తెరువలేదు. సమాజమందిరములోనుండి వెలివేయుదురని వారి భయము. వారి నోరు మూయించినది మందిరపు పెద్దలే.

మన సంఘములో ఎవరి నోరు మూతపడియున్నది? ఒక ఆదివారము తల్లి, మరొక ఆదివారము తండ్రి ఆరాధనకు వచ్చి, బిడ్డను ఇంటనే ఉంచు కుటుంబము లేదా? అక్కకు పెండ్లి సంబంధము తప్పిపోవునని తమ్ముని సంగతి దాచువారు లేరా? మనలో అనేకుల పితరులు ఊరి వెలుపల ఉంచబడినవారే. వెలి యనగా ఏమో తెలిసిన మనము మరియొక ఇంటిని వెలిగా చూడవచ్చునా?

దాచుటవలన బిడ్డకు నేర్పవలసిన విలువైన ఏండ్లు గడచిపోవును. 2016లో మన దేశము చేసిన వికలాంగుల హక్కుల చట్టములో చెప్పబడిన 21 వైకల్యములలో ఆటిజం ఒకటి. దానికి ధ్రువపత్రము పొందు హక్కు కలదు. పిల్లల ఎదుగుదలను పరీక్షించు కేంద్రములు అనేక జిల్లా ఆసుపత్రులలో ఉన్నవి. సంగతి చెప్పనిదే ఈ సహాయము అందదు.

అయితే చెప్పుటకును ఒక మర్యాద కలదు. మా కుమారుడు వయస్సు వచ్చినవాడు, అతనినే అడుగుడని ఆ తల్లిదండ్రులు అనిరి. భయముతో పలికినను ఆ మాట న్యాయమైనది. ఎదిగినవాని సంగతి చెప్పుట అతని ఇష్టము. టెంపుల్ గ్రాండిన్ 1947లో అమెరికాలో పుట్టినది. మూడేండ్లు దాటువరకు ఆమెకు మాట రాలేదు. ఆమె పశుశాస్త్రములో ఆచార్యురాలై, పశువులు బెదరక నడచు దొడ్లను రూపించినది. తన ఆటిజం గూర్చి 1986లో తానే పుస్తకము వ్రాసినది. అందరు ఆమెవలె కాజాలరు. జీవితమంతయు మాట రానివారును ఉన్నారు. వారికిని ప్రభువు ఇంటిలో స్థలము కలదు.

కావున మేము మనవి చేయునదేమనగా: తల్లిదండ్రులు నమ్మి చెప్పిన సంగతిని కాపరి గాని పెద్దలు గాని వారి అనుమతి లేక ప్రార్థన మనవులలో చదువకూడదు. బెదరు బిడ్డను పట్టి ఉంచి గద్దించవద్దు. మైకు ధ్వని తగ్గించుడి. తలుపు దగ్గర ఒక చాప వేయుడి. బిడ్డ లేచి తిరిగినను ఎవరును వెనుకకు తిరిగి చూడవద్దు. ఆదివారపు బడిలో ఒక్కరైనను అతని ప్రక్కన కూర్చుండవలెను. ఆ తల్లి అలసినదినము ఒక పూట కూర వండి పంపుడి.

స్వస్థత పొందినవానిని పెద్దలు వెలివేసిరి. ప్రభువు అది విని అతనిని వెదకి కనుగొనెను. ఆయన వెదకుచున్న బిడ్డ మన వీధిలోనే, మూసిన తలుపు వెనుక ఉన్నయెడల, ఆ తలుపు తట్టుటకు ఈ వారము మనలో ఎవరు వెళ్లుదురు? అట్టి మనస్సు ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.