పాత పేపరు: తూకం, విలువ

పత్రిక విలువ కాగితంలో ఉందా, అక్షరంలో ఉందా? పేపరు కాలికి తగిలితే తెలుగువారు సరస్వతి అని కళ్లకద్దుకుంటారు. నెల తిరిగేసరికి అదే పేపరు హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లోని పాత పేపర్ల కొట్లో కిలోల లెక్కన తూకానికి వెళుతుంది. మొక్కు అక్షరానికి, తూకం కాగితానికి అనుకుంటే సరిపోదు. కాగితం పోతే అక్షరమూ పోతుంది.

న్యూస్‌ప్రింట్ చెక్క గుజ్జుతో చేసింది. అందులోని లిగ్నిన్ వెలుతురుకు పసుపెక్కుతుంది, ఆమ్లం పీచును పెళుసు చేస్తుంది. అందుకే పాత సంచికలో ముందు మడత చూడాలి. విప్పగానే అక్కడే పొడిగా రాలి, వరుసలో రెండు మూడు అక్షరాలు ఎగిరిపోతాయి. పుటలన్నీ ఉన్నాయా, పురుగు తిన్నదా, ఎవరైనా వార్త కత్తిరించుకున్నారా అన్నవి తర్వాతి సంగతులు.

బజారులో స్థితిని బట్టే ధర. కానీ 1920ల్లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో ప్రారంభించిన గోలకొండ పత్రిక సంచిక ఎంత చిరిగినా, నిజాం రాజ్యంలోని తెలుగువారి గొంతు అందులో ఉంది. అక్షరానికీ కాగితానికీ ఆత్మ, దేహం పోలిక చాలదు: ఆత్మకు మరో దేహం దొరుకుతుందంటారు, నకలు తీయని వార్తకు దొరకదు. స్కాన్ చేశాక కూడా అసలు ప్రతిని పారేయకూడదు. కాగితం నాణ్యం, సిరా చిక్కదనం తెలిసేది దానిలోనే.