దూరమందున్న పొరుగువాడు

జంషెడ్‌పూరు నగరములో, సువర్ణరేఖా నదికి చేరువగా భుయ్యాడీహ్ అను పేట కలదు. 1907లో స్థాపింపబడిన ఉక్కు సంస్థను నమ్ముకొని ఆ నగరమునకు వచ్చినవారిలో తెలుగువారును అనేకులు. అట్టి తెలుగు విశ్వాసుల కుటుంబమొకటి ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనముతో ఇంటి ఆరాధన నిమిత్తము ఒక క్రొత్త పియానో కొనెననుకొందము. తొలి వర్షకాలము గడువకముందే దాని శ్రుతి చెడెను. శ్రుతి చేయువాడు వచ్చి సరిచేసి పోవును. వారము తిరుగకముందే స్వరములు మరల దిగజారును.

పియానోలో 230 వరకు తీగెలుండును. వాటి బిగువంతయు కలిపినచో 15 టన్నులకు మించును. తీగెలు చుట్టిన మేకులు ఒక చెక్క దిమ్మెలో నాటబడియుండును. ఆ దిమ్మె బీటవారినచో మేకులు పట్టు తప్పును. ఎంతటి నిపుణుడు బిగించినను ఫలముండదు. పైమెరుగు మాత్రము చెక్కుచెదరకయే యుండును.

వారంటీ పత్రము చేతిలోనే యున్నది. అంగడివాడు తయారీదారు నడుగుమనును. తయారీదారుని కార్యాలయము ఉత్తరములకు జవాబియ్యదు. నెలలు గడచును. అప్పుడా యింట రెండు మాటలు పుట్టును. “సహించి ఊరకుందము, క్షమించుట మన ధర్మము గదా!” అని తల్లి. “ఇచ్చిన మాట నిలుపుకొమ్మని అడుగుట పాపమా?” అని కుమారుడు. వీరిలో ఎవరి మాట క్రీస్తు మార్గమునకు తగినది?

తయారీదారుడు తన పియానో కొన్నవాని ముఖమెరుగడు. ముఖమెరుగని వానికి తాను బాధ్యుడా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1928లో స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున మే డోనహ్యూ అను స్త్రీ, స్నేహితురాలు కొనియిచ్చిన అల్లపు పానీయము త్రాగెను. ఆ సీసాలో కుళ్లిన నత్త యుండెననియు, తాను జబ్బుపడితిననియు చెప్పి తయారీదారునిపై వ్యాజ్యము వేసెను. వారిరువురి నడుమ ఏ ఒప్పందమును లేదు. అయినను 1932లో బ్రిటిషు ప్రభువుల సభ న్యాయమూర్తులు, ఇద్దరు విభేదింపగా ముగ్గురు, తయారీదారునికి అట్టి బాధ్యత కలదని తేల్చిరి. వారిలో లార్డు ఆట్కిన్, మంచి సమరయుని ఉపమానమునకు కారణమైన ప్రశ్ననే ఎత్తుకొని, మన అజాగ్రత్తవలన ఎవరికి హాని కలుగునని ముందే తలంపవలెనో వారు మన పొరుగువారేయని వివరించెను. అచ్చట హాని దేహమునకు, ఇచ్చట నష్టము ధనమునకు. కాని అచ్చట మాట ఇయ్యకయే బాధ్యత యుండగా, ఇచ్చట మాటయే వ్రాసి యియ్యబడెను గదా!

లేవీయకాండము 19వ అధ్యాయములో పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞకు ముందు వచనమే, హృదయములో ద్వేషముంచుకొనక పొరుగువానిని గద్దింపుమని చెప్పుచున్నది. ఆ రెండు ఆజ్ఞలు ప్రక్కప్రక్కనే యుండుట గమనింపదగినది. బాకీని మనస్ఫూర్తిగా విడిచిపెట్టుట ఒక్కొక్కప్పుడు ప్రేమయే. అయితే భయముచేతనో విసుగుచేతనో ఊరకుండి, లోలోపల పగ పెంచుకొనుచు, దానికి క్షమ అని పేరు పెట్టరాదు. మరియు అట్టి దిమ్మెతోనే చేసిన మరియొక పియానో మరియొక యింటికి పోవచ్చును. ఆ కొనబోవువాడును పొరుగువాడే.

కావున కుమారుడు అడుగవచ్చును. అయితే తల్లి హృదయముతో అడుగవలెను. 1986 నాటి చట్టము స్థానమున వచ్చి 2020లో అమలైన వినియోగదారుల రక్షణ చట్టము, తయారీదారుడు ఎంత దూరముననున్నను, కొన్నవాడు తన జిల్లా కమిషనులోనే రెండేండ్లలోపల ఫిర్యాదు చేయ వీలు కల్పించినది. ఆ ఫిర్యాదులో కలిగిన నష్టము కంటె ఒక్క రూపాయి ఎక్కువ వ్రాయరాదు. పియానోను తడిగోడకు ఆనించి యుంచినచో ఆ మాటయు దాచరాదు. ఫోనెత్తిన చిన్న ఉద్యోగిని దూషింపరాదు, అతడును పొరుగువాడే.

ప్రియ చదువరీ, ఇతరుల వారంటీని చేతబట్టుకొని నిలిచినప్పుడు మన మాటల సంగతి యేమి? “నీకొరకు ప్రార్థింతును” అని పలికి మరచిన దినములెన్ని? వివాహ దినమున, బాప్తిస్మ దినమున పలికిన మాటల నమ్మి మన జవాబునకై ఎదురుచూచువారెవరైన ఉన్నారేమో! మెరుగు పైననే యుండి, లోపలి మేకు జారిపోయిన బ్రదుకు ప్రభువు చెవికి దాగదు. న్యాయము అడుగబోవు దినముననే, మన జవాబు రాని ఇంటికి మొదట ఒక ఉత్తరము వ్రాయుదము.